మూడు నిమిషాల గొంతు

ఇదంతా నా కుడిచేతి మణికట్టు నొప్పితో మొదలైంది. ఏ విద్యా సిద్ధాంతమో చదివి మొదలుపెట్టిన పని కాదు.

నేను స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేశాను. థీసిస్ సమర్పించాక నాలుగేళ్లపాటు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, చివరికి హైదరాబాదుకి నలభై కిలోమీటర్ల అవతల ఒక ప్రైవేటు నర్సింగు కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేరాను. గంటకింత అని జీతం. బి.ఎస్సీ. నర్సింగు పిల్లలకి కమ్యూనికేషన్ చెప్పాలి. ఇంటర్వ్యూలో ఒకాయన "ఆత్మకథలకీ నర్సింగుకీ ఏంటమ్మా సంబంధం?" అన్నారు. "రెండింట్లోనూ వినడమే కదండీ పని" అన్నాను. ఆ క్షణానికి తోచిన మాట. ఆయనకి నచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆ మాటకి అర్థం నాకు తెలియడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

తరగతిలో అరవై మంది. ముగ్గురు తప్ప అందరూ ఆడపిల్లలే. బీడీలు చుట్టే తల్లుల కూతుళ్లు, ఆటో నడిపే తండ్రుల కూతుళ్లు, రెండెకరాల మెట్టపొలం వాళ్లు. చాలామంది గురుకులాల్లో చదివొచ్చారు. నర్సింగులో పుస్తకం ఇంగ్లీషు, రికార్డు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. పేషెంటు ఒక్కతే తెలుగు. "నడుం గుంజుతుంది బిడ్డా, కడుపుల మంట లేస్తుంది, రాత్రంతా కన్ను మూతపడలే" అని ఆమె చెప్పుకుంటుంది. ఈ అమ్మాయి దాన్ని కేస్ షీట్‌లో రెండు ఇంగ్లీషు మాటలకి కుదించి రాస్తుంది. ఆ కుదింపులో ఏం పోతోందో సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వెంటనే కనబడింది. దాన్ని ఎలా నేర్పాలో మాత్రం తెలియలేదు.

కమ్యూనిటీ పోస్టింగులో వీళ్లు ఊళ్లకీ తండాలకీ వెళ్లి, అంగన్‌వాడీలోనో రచ్చబండ దగ్గరో ఆడవాళ్లని కూర్చోబెట్టి, చార్టు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి. హెల్త్ టాక్ అంటారు. ఆ ప్రసంగం ముందుగా రాసి నాకు చూపించాలి. నేను దిద్దాలి. అరవై నోట్సులు ఎర్రసిరాతో దిద్దేదాన్ని. మార్జిన్లలో చిన్న చిన్న అక్షరాలతో చాలా శ్రద్ధగా రాసేదాన్ని. వాళ్లు పుస్తకం తెరిచి, మార్కు చూసి, మూసేసేవాళ్లు. నాకు ఉక్రోషం వచ్చేది. ఒకరోజు ఒకమ్మాయి తన క్లినికల్ లాగ్‌బుక్ చూపించింది. నెలరోజుల వార్డు పోస్టింగుకి ఇన్‌స్ట్రక్టర్ రాసింది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. మెరుగుపడాలి అని. ఏది? ఎలా? ఎక్కడ తప్పు చేసిందట? ఆ అమ్మాయికి తెలియదు. అడగడానికి ధైర్యం లేదు.

నాకు మా గైడు గుర్తొచ్చారు. నా మూడో అధ్యాయంలో ఒక పేరా పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి తిరిగిచ్చారు. అంతే. మరో అక్షరం లేదు. ఆ కొక్కెం ముందు ఇరవై రోజులు కూర్చున్నాను. పేరా తప్పా, అభిప్రాయం తప్పా, అసలు నేనే తప్పా అని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

సరే, మణికట్టు. వాచింది. నెలరోజులు రాయడం మానెయ్యమన్నాడు డాక్టరు. గెస్టు లెక్చరరుకి సెలవులుండవు. ఏం చెయ్యను? పిల్లలతో "మీరు మాట్లాడింది ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. నేను కూడా రాయను, మాట్లాడి పంపిస్తాను" అన్నాను. నెల తర్వాత చెయ్యి బాగుపడింది. పిల్లలు మాత్రం మళ్లీ రాయనివ్వలేదు.

ఆ తర్వాతే దీని గురించి ఎవరేమన్నారోనని వెతికి చదివాను. వైద్యవిద్యలో ఈ చర్చకి చాలామంది మూలంగా చెప్పుకునే వ్యాసం జాక్ ఎండే అనే అమెరికన్ వైద్యుడు 1983లో రాసింది. ఫీడ్‌బ్యాక్ వేరు, మూల్యాంకనం వేరు అంటాడాయన. మొదటిది నీ పని ఎలా ఉందో నీకు తెలియజెప్పే సమాచారం, రెండోది తీర్పు. సమాచారం అందకపోతే తప్పులు తప్పులుగానే ఉండిపోతాయి, మంచి పని చేసినవాళ్లకి అది మంచిదని కూడా తెలియదు. మా లాగ్‌బుక్కుల్లో ఉన్నదంతా తీర్పే. 2007లో ఫిల్ ఐస్, ఇంకొందరు అమెరికాలో చేసిన పరిశోధనలో, ఆన్‌లైన్ విద్యార్థులు రాతకన్నా గొంతుతో వచ్చిన అభిప్రాయాన్ని ఇష్టపడ్డారు, మా టీచరు మమ్మల్ని పట్టించుకుంటోందని అనుకున్నారు. 2008లో ఇంగ్లండులోని లీడ్స్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో అధ్యాపకుల చేతికి చిన్న ఎం.పి.త్రీ రికార్డర్లు ఇచ్చి ఇదే పని చేయించారు. దాని పేరు 'సౌండ్స్ గుడ్'. అంటే నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కాకపోతే ఆ పత్రాలు చదువుతున్నంతసేపూ నాకొక అనుమానం. వీళ్లు ఎక్కడ కూర్చుని రికార్డు చేశారు? ఎన్నింటికి? పక్కగదిలో ఎవరున్నారు?

ఎందుకంటే నేను రికార్డు చేసింది వంటింట్లో. ఒక్కొక్కరికి మూడు నిమిషాలంటే అరవై మందికి మూడు గంటలు. అంతకు ముందు వాళ్ల పది నిమిషాలూ వినాలి. అది పది గంటలు. కాలేజీ ఇచ్చేది తరగతిలో నిలబడ్డ గంటకే. మిగతాదంతా అన్నం వండుతూ, బాబుని నిద్రపుచ్చుతూ, బట్టలు మడతపెడుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చేసిన పని. లెక్కకి రాని ఆడవాళ్ల శ్రమ గురించి ఎన్ని సెమినార్లలో మాట్లాడానో! నా పదమూడు గంటలు ఏ ఖాతాలో పడ్డాయో మాత్రం నేనూ లెక్కేసుకోలేదు.

ఒక సోమవారం ముందు బెంచీలో పిల్లలు ముసిముసిగా నవ్వుతున్నారు. ఏంటంటే చెప్పరు. చివరికి ఒకమ్మాయి "మీ ఇంట్ల కుక్కర్ మూడుసార్లు కూత పెట్టింది మేడం, మీరు మాట్లాడుకుంటనే ఉన్నరు. పప్పు మాడిందా?" అంది. మాడింది. ఆ రోజు నుంచి తరగతిలో ఏదో సడలింది. నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. వాళ్లకి నా ఎర్రసిరాలో కనబడని మనిషి కుక్కరు కూతలో వినబడింది. సంతోషమే. కానీ మగ లెక్చరరు పంపే రికార్డింగులో కుక్కరు కూత వినబడుతుందా అని కూడా అనుకున్నాను. నా ఇల్లు నా అనుమతి లేకుండానే తరగతిలోకి నడిచొచ్చింది. ఆ దగ్గరితనానికి ఖరీదు ఏదో ఉంటుందని అప్పటికి లీలగా తెలుసు.

వాళ్లవైపు నుంచి కూడా ఖరీదు ఉంది. హాస్టల్లో ఫోన్లు వార్డెన్ దగ్గర ఉంటాయి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఇస్తారు. "అమ్మతోని మాట్లాడేది ఆ గంటలనే మేడం, మీదేమో మూడు నిమిషాలు" అంది ఒకమ్మాయి, ఫిర్యాదుగా కాదు, ఊరికే. నేను రెండు నిమిషాలకి తగ్గించాలనుకున్నాను. తగ్గించలేకపోయాను. మాట్లాడటం మొదలుపెడితే ఆగలేని జబ్బు మన సాహిత్యం వాళ్లందరికీ ఉన్నదే.

గొంతు అన్న మాటని మనం ఎంత వాడేశామో ఈ పనిలో పడ్డాకే తెలిసింది. స్త్రీల గొంతు, అణచివేయబడ్డ గొంతు, గొంతు విప్పడం, గొంతు కలపడం. నా థీసిస్‌లో ఎన్ని పేజీల్లో ఆ మాట ఉందో లెక్కపెడితే సిగ్గేస్తుంది. అన్నిచోట్లా అది అలంకారమే. ఇక్కడ అరవై నిజమైన గొంతులు చెవిలో పడుతున్నాయి. జలుబు చేసిన గొంతు, హాస్టలు మేడమీద ఎవరికీ వినబడకూడదని గుసగుసలాడే గొంతు, కంఠస్థం చేసింది మర్చిపోయి మింగిన గుటక. అలంకారానికి యాస ఉండదు, ఆయాసమూ ఉండదు.

మా కాలేజీ హాల్లో దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మ ఉంది. ప్రతి నర్సింగు కాలేజీలోనూ ఉంటుంది. ఏటా ఆ బొమ్మ ముందు దీపాలు వెలిగించి ప్రమాణం చేస్తారు. ఆమె గొంతు రికార్డయి ఉందని నాకు తెలుసు. 1890 జులై 30న, ఆమెకి డెబ్భై ఏళ్లప్పుడు, లండన్‌లో ఆమె ఇంట్లోనే ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు సిలిండరు మీద రికార్డు చేశారు. బలక్లావా యుద్ధంలో బతికి బయటపడి, పేదరికంలో పడ్డ సైనికుల సహాయనిధి కోసం. ఒకరోజు ఫోన్‌లో వినిపించాను. బరబరమని గీరుకుపోయే చప్పుడు, అడుగున ఎక్కడో ముసలి గొంతు. పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. "ఆమె మాట్లాడుతదా మేడం?" అంది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సైనిక ఆసుపత్రుల మరణాల లెక్కలు గీసి ప్రభుత్వం ముందు పెట్టి వాదించిన మనిషి. మనం ఆమెని దీపం పట్టుకుని నిశ్శబ్దంగా నడిచే బొమ్మగా మిగుల్చుకున్నాం. మంచి నర్సు అంటే మాట్లాడనిది అనే కదా ఆ బొమ్మ రోజూ నేర్పేది!

ఇంక అసలు విషయానికి వస్తాను. రికార్డింగులు వినడం మొదలుపెట్టాక, రాసిన ప్రసంగంలో ఎన్నడూ లేనిది ఒకటి వినబడసాగింది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు. పిల్లాడి ఏడుపు, గాజుల చప్పుడు, మధ్యలో ఎవరో అన్న మాట.

రక్తహీనత మీద ఒకమ్మాయి మాట్లాడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ అమ్మాయి ఈ అంకె కూడా చెప్పింది. బాగా చెప్పింది. పాలు తాగాలి, గుడ్లు తినాలి, మాంసం తినాలి, ఖర్జూరం తినాలి అని వరసపెట్టి చెబుతోంది. నాలుగో నిమిషంలో దూరంగా ఒక ముసలామె గొంతు: "తినొద్దని ఉంటదా బిడ్డా." పక్కన ఎవరో చిన్నగా నవ్వారు. ఈ అమ్మాయి ఆగలేదు, తర్వాతి చార్టు తిప్పింది.

రాతలో అయితే నేను అక్షరదోషాలు దిద్ది పదికి ఎనిమిది వేసేదాన్ని. ఈసారి నా మెసేజ్‌లో ప్రసంగం గురించి పెద్దగా ఏమీ చెప్పలేదు. "నాలుగో నిమిషం దగ్గర ఒకామె ఏదో అంది. మళ్లీ విను. ఇంకోసారి విను. ఆమెకి నువ్వేం చెబుతావు?" అన్నాను. అంతే.

ఆ అమ్మాయి మూడు రోజుల తర్వాత జవాబు పంపింది. పోస్టింగు ఇంకా వారం ఉంది కాబట్టి ఆ ముసలామె ఇంటికి వెళ్లిందట. ఖర్జూరం గురించి మాట్లాడలేదట. ఏం వండుకున్నరు పెద్దమ్మా అని అడిగిందట. మాటల్లో తెలిసింది, కడుపుతో ఉన్న కోడలికి ఏ.ఎన్.ఎం. ఇచ్చిన ఐరన్ మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి. వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసింది. అది మాత్రల వల్లే, భయపడాల్సింది లేదని ఎవరూ చెప్పలేదు. ఆ మాత్రలు టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవని, నిమ్మకాయ నీళ్లతోనైతే బాగా పడతాయని కూడా చెప్పలేదు. ఈ అమ్మాయి చెప్పింది. "మేడం, నాకు ఇవన్నీ తెలుసు. పరీక్షల రాసిన కూడా. కానీ ఆమె అడిగేదాక చెప్పాలని తోచలే" అంది ఆ రికార్డింగులో.

ఆ రాత్రి నేను బాబుని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఇంటర్వ్యూలో నేనన్న మాట ఈ అమ్మాయి నాకు వినిపించింది.

ఇక్కడ ఆగితే ఇది విజయగాథ అవుతుంది. అలాగే చెప్పుకుంటూ నెలా రెండు నెలలు తిరిగాను కూడా. ఒక సెమినారులో పేపరు చదవాలని అబ్‌స్ట్రాక్టు రాసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక తండా పోస్టింగు రికార్డింగులు వచ్చాయి. ఒకమ్మాయి ముర్రుపాల మీద మాట్లాడింది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు అని. సంగతి సరిగానే ఉంది. కానీ తడబాటు. వాక్యం మధ్యలో ఆగిపోవడం, మళ్లీ మొదలుపెట్టడం, గొంతు నూతిలోంచి వచ్చినట్టు. అప్పుడు రాత్రి పదకొండు దాటింది. బాబుకి జ్వరం. అది ఆ రోజు నలభయ్యో రికార్డింగు. నేను మెసేజ్ పెట్టాను. "అమ్మా, ఇంత తడబడితే తల్లులకి ఏం అర్థమవుతుంది చెప్పు? ముందు తెలుగు స్పష్టంగా పలకడం ప్రాక్టీసు చెయ్యి." ఇలాంటివే మరో రెండు మూడు మాటలు. చివర్లో ఒక నిట్టూర్పు. అది నేను వదిలినట్టు కూడా నాకు తెలియదు.

మూడు వారాలు ఆ అమ్మాయి నన్ను చూసి తల దించుకుని వెళ్లిపోయింది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల కిటికీ పక్కకి మారింది. నేను గమనించాను గానీ పరీక్షల ఒత్తిడి అనుకున్నాను. ఆ తర్వాత ఒక సాయంత్రం నలభై రెండు సెకన్ల మెసేజ్ వచ్చింది.

"మేడం, మీ గొంతుల యాష్ట వినబడ్డది. మీరు రాసిస్తే ఒక్కసారి చదివి పక్కకు పెట్టేదాన్ని. ఇది మల్ల మల్ల విన్న. మా రూముల వాళ్లు గూడ విన్నరు. ఒక్కటి చెప్త మేడం, ఏమనుకోకండి. అక్కడ కూసున్న అమ్మలందరికీ మా బోలీనే మంచిగొస్తది. నాకు గూడ. నేను తెలుగుల మాట్లాడింది వాళ్ల కోసం కాదు. మీ రికార్డింగు కోసం."

ఆ అమ్మాయి లంబాడీ. వాళ్ల ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి. ఇది నాకు తెలియని విషయమా? హాజరుపట్టీలో ఇంటిపేరు లేకుండా 'నాయక్'లూ 'బాయి'లూ అరడజను మంది ఉన్నారు. రోజూ పిలుస్తున్నాను. తెలిసీ తోచలేదు. "తెలుగు స్పష్టంగా" అని నేనన్నప్పుడు నా మనసులో ఉన్నది ఎవరి తెలుగు? మా నాన్న నాకు నేర్పిన తెలుగు, రేడియోలో వచ్చే తెలుగు, నా థీసిస్ రాసిన తెలుగు. భాషా ఆధిపత్యం మీద ఎం.ఏ. పిల్లలకి గంటల తరబడి చెప్పగలను నేను.

ఆ రికార్డింగు మళ్లీ తెరిచాను. ఈసారి చివరిదాకా విన్నాను. "థాంక్యూ" అనగానే ప్రసంగం అయిపోయిందని నేను ఆపేశానప్పుడు. ఆ అమ్మాయి ఫోన్ ఆపేలోపు మరో ఇరవై ఐదు సెకన్లు ఉన్నాయి. ఎవరో ఒకామె ఏదో అడిగింది. ఈ అమ్మాయి ఠక్కున జవాబిచ్చింది, గలగలా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. ఇంకొకరు ఏదో అన్నారు. ఈ అమ్మాయి "యాడీ" అని పిలిచి మళ్లీ ఏదో చెప్పింది, అందరూ పెద్దగా నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అసలు హెల్త్ టాక్ ఆ ఇరవై ఐదు సెకన్లే అని మాత్రం అర్థమైంది.

క్షమాపణ చెప్పాలని ఎన్నిసార్లు రికార్డు చేసి చెరిపేశానో. ప్రతిసారీ నా గొంతు నాకే నటనలా వినబడింది. చివరికి బస్టాపులో ఎదురుపడి చెప్పాను. "అయ్యో, పర్వాలేదు మేడం" అంది అందరు పిల్లల్లాగే. పర్వాలేదు అనడం వాళ్లకి బాగా అలవాటు. నేను పట్టు వదలకుండా, "మళ్లీ వెళ్లినప్పుడు మీ భాషలో మాట్లాడి పంపు" అన్నాను. "మీకు రాదు కద మేడం, మార్కులెట్ల వేస్తరు?" అంది. న్యాయమైన ప్రశ్న. మార్కుల పట్టికలో 'భాషా స్పష్టత' అని ఐదు మార్కుల గడి ఉంది. ఎవరికి స్పష్టత అన్న గడి లేదు.

మేం ఇద్దరం కలిసి ఒక పద్ధతి అనుకున్నాం. లంబాడీ అమ్మాయిలు ఒకరి ప్రసంగం మీద ఒకరు గోర్‌బోలిలో అభిప్రాయం చెబుతారు, తర్వాత అదే నాకోసం తెలుగులో రెండు నిమిషాలు. ఆ భాషకి సొంత లిపి లేదు. తెలుగు లిపిలో రాస్తారు గానీ ఈ పిల్లలకి ఆ అలవాటు లేదు. నేను ఎన్ని రంగుల సిరా వాడినా ఈ పని రాతలో జరిగేది కాదు. అప్పుడు మొదటిసారి అనిపించింది, రికార్డింగు సౌకర్యం కోసం కాదు, దానికి అవసరం ఉంది అని. ఆ తెలుగు రెండు నిమిషాల్లో వాళ్లు నేనెన్నడూ పట్టించుకోని సంగతులు చెప్పారు. ఆ తండాలో అత్త ముందు కోడలు పాల గురించి నోరెత్తదు కాబట్టి అత్తలతో ముందు మాట్లాడాలని. చార్టు మీద బొమ్మలో ఉన్న తల్లి మనలాగా లేదని అక్కడి ఆడవాళ్లు నవ్వుకున్నారని. ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి తెలుగులో చెప్పమని గిల్లిందని.

క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లకి ఇది నచ్చలేదు. వాళ్లని నిందించలేను. వాళ్లలో చాలామంది ఇదే చదువు ఇలాగే చదివి, గెస్టు జీతాలతో నెట్టుకొస్తున్న ఆడవాళ్లే. "యూనివర్సిటీ పరీక్షల్లో ఈ భాష పనికొస్తదా?" అన్నారొకామె. రాదు.

మార్చిలో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందన్నారు. కొత్త బోధనా పద్ధతులు అని ఫైలొకటి తయారు చెయ్యాలట. "మీ ఆడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి మేడం, వినిపిద్దాం" అన్నారు ఆఫీసులో. నాకు గుండె ఝల్లుమంది. వాటిలో ఏమున్నాయో వాళ్లకి తెలియదు. తనకి పాలు ఎందుకు రాలేదో చెప్పుకున్న తల్లి, మొగుడి తాగుడు గురించి మాట జారిన ముసలామె, ఇన్‌స్ట్రక్టర్ గిల్లిందని చెప్పిన నా విద్యార్థి. ఊళ్లో ఫోన్ ఎదురుగా పెట్టినప్పుడు "ఇది మా మేడం వింటది" అని మాత్రమే వాళ్లు చెప్పారు. ఆ మాట కూడా కొందరే చెప్పారట. అడిగి చూస్తే తెలిసింది.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి, మాట్లాడించి, రికార్డు చేసి తెచ్చిన పుస్తకం అది. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య ఉండే సంబంధం గురించి, వినేవాళ్ల బాధ్యత గురించి ఆ అధ్యాయంలో ముప్పై పేజీలు రాశాను. అరవై మంది పిల్లలకి రికార్డు చెయ్యమని చెప్పిన రోజున ఆ ముప్పై పేజీల్లో ఒక్క వాక్యం నాకు గుర్తు రాలేదు. ఎందుకంటే ఇది పరిశోధన కాదు, హోంవర్కు అనుకున్నాను. హోంవర్కులో పేషెంట్లు ఉండరని అనుకున్నాను.

పెన్‌డ్రైవ్ ఇవ్వలేదు. ఊళ్లలో మాట్లాడిన ఆడవాళ్ల గొంతులున్నవన్నీ నా ఫోన్‌లోంచి చెరిపేశాను, పిల్లల చేత కూడా చెరిపించాను. నేను పంపిన మెసేజ్‌లు కావాలంటే ఇస్తానన్నాను. కుక్కరు కూతలతో సహా. అవి వాళ్లకి అక్కర్లేకపోయింది. జూన్‌లో కొత్త సెమిస్టరుకి నన్ను పిలవలేదు. అదే కారణమని నేను చెప్పలేను. గెస్టు లెక్చరర్ని పిలవకపోవడానికి కారణం అవసరం లేదు. పిలవకపోవడం కూడా ఒక్క మాటలోనే జరుగుతుంది, లాగ్‌బుక్కులోలా.

తర్వాత ఇంకో కాలేజీలో దొరికింది. ఇప్పుడూ పిల్లలకి మాట్లాడే పంపుతున్నాను. కొన్ని మార్చుకున్నాను. రాత్రి తొమ్మిది దాటాక రికార్డు చెయ్యను. పంపేముందు నా మెసేజ్ నేను ఒకసారి వింటాను. ఇది చాలా చిరాకు పని. తన గొంతు తనకి వినాలనిపించేవాళ్లు ఎవరుంటారు? ఊరివాళ్లని అడగకుండా రికార్డు చెయ్యొద్దని, అడిగినా వారం తర్వాత చెరిపెయ్యాలని మొదటి రోజే చెబుతాను. సెమినారు పేపరు రాయలేదు. ఆ అబ్‌స్ట్రాక్టు ఇంకా డెస్క్‌టాప్ మీదే ఉంది.

ఆ అమ్మాయి చదువు పూర్తిచేసి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ప్రసూతి వార్డులో చేస్తోంది. నైట్ డ్యూటీ అయ్యాక అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. నేను గోర్‌బోలి నేర్చుకుంటున్నానని తెలిసి నవ్వింది. నొప్పి ఎక్కడుందమ్మా అని ఎలా అడగాలో చెప్పమంటే నెమ్మదిగా, విడివిడిగా పలికి పంపింది. నేను తిరిగి పలికి పంపాను. పొద్దున్న లేచేసరికి జవాబొచ్చి ఉంది, పదకొండు సెకన్లు. "మేడం, మాటలు కరెక్టే. కానీ మీరు పరీక్ష చెప్పినట్టు చెప్తున్నరు. పేషెంటు మంచం పక్కన కూసున్నట్టు చెప్పున్రి. ఇంకోసారి పంపున్రి."

ఇంకా పంపలేదు. రెండుసార్లు రికార్డు చేసి చెరిపేశాను.